తోట గేటుకు తిరగలి రాయి

పోయిన నెలలో హిందూపురంలో మా ఇంటి ముందున్న చిన్న తోటకు ఇనుప గేటు పెట్టించాను. తోట అంటే పెద్దదేం కాదు. నాలుగు రోజా మొక్కలు, ఒక కరివేపాకు చెట్టు, రెండు మళ్లలో బంతి. ఈ వయసులో నాకు మిగిలిన సేద్యం అంతే. వీధిలో తిరిగే ఆవులు దాన్ని కూడా మిగలనివ్వడం లేదని గేటు చేయించాను. వెల్డింగు అబ్బాయి గేటు బిగించి, ఒకసారి ఊపి చూసుకుని అన్నాడు:

"వచ్చేటోళ్లు పోయేటోళ్లు ఎవురూ మూయరవ్వా. ఈడ గొలుసు వేసి ఒక బరువు కడతా. దానంతట అదే మూసుకుంటాది. నువ్వు లేసి వచ్చే పనుండదు."

"వద్దప్పా," అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, ఆ అబ్బాయి చేతిలో ఉన్న సుత్తి కింద పెట్టి నా వైపు చూశాడు. మళ్లీ అడగలేదు. కాఫీ తాగి వెళ్లిపోయాడు.

మా సొంత ఊరు రొళ్ల దాటిన తర్వాత, కన్నడ సీమ అంచున ఉంటుంది. ఒక వైపు వక్కతోటలు, ఒక వైపు రాళ్ల కొండ. మా ఇంట్లో సగం మాటలు తెలుగు, సగం కన్నడ. డబ్బులను దుడ్లు అనేవాళ్లం. అది కన్నడ మాట అని నాకు పెనుకొండలో పెద్దబడికి పోయాక ఎవరో నవ్వితే తెలిసింది.

ఇల్లు ఊరి చివరన. ఇంటి వెనక తోట. మా తాత బతికున్న రోజుల్లో ఆ తోట చుట్టూ మనిషెత్తు రాతి కూసాలను సందు లేకుండా పక్కపక్కనే పాతించాడు. కోతులు తప్ప ఏ జంతువూ ఎక్కలేని గోడ అది. తోటలోకి పోవాలన్నా బయటికి రావాలన్నా ఒకటే దారి, మా ఇంటి వైపున్న వేప పలకల గేటు. లోపల పడమటి గోడ పొడుగునా పనస చెట్లు. నడుమ వక్క చెట్లు, ఊరి ఆడవాళ్లు నీళ్లకు వచ్చే బావి. తూర్పు వైపు కనకాంబరం మళ్లు.

ఆ కనకాంబరం మా చిన్నత్తది. ఆమె మా నాయనకు చెల్లెలు. చిన్నతనంలో వచ్చిన విషజ్వరం ఆమె చెవులు రెండూ తీసుకుపోయింది. వినికిడి పోయినాక మాట కూడా మెల్లగా వెనక్కి పోయింది. నాకు ఊహ తెలిసేనాటికి అత్త మాట్లాడేదంతా చేతులతోనే. ఆ చేతుల భాష మా ఇంట్లో అందరికీ వచ్చు. మీసం మెలేస్తే మా నాయన. చెవి కమ్మ పట్టుకుంటే అవ్వ, మా నాయన తల్లి. ముక్కు చీదినట్టు చేస్తే నేను. నాకు ఎప్పుడూ జలుబు. చేద తోడినట్టు చేస్తే బావి. అయిదు వేళ్లూ ముడిచి జడ దగ్గర పెట్టుకుంటే పూలు. అత్త తిట్లు కూడా చేతులతోనే తిట్టేది. రెండు చేతులూ తిప్పి తిప్పి తిడుతుంటే అవ్వ తల పక్కకు తిప్పుకునేది. చూడకపోతే తిట్లు తగలవని ఆమె లెక్క.

అత్త రోజూ తెల్లవారుతూనే తోటలోకి పోయి పూలు కోసేది. మొదటి బస్సుకు అవి హిందూపురం పోవాలి. తోట గేటు తప్పకుండా మూసే మనిషి మా ఇంట్లో ఆమె ఒక్కతే. వెనక నుంచి మేక దూరినా తనకు వినబడదు కాబట్టి, లోపలికి పోతే గేటు దగ్గరికి లాగి, ఒకసారి చేత్తో నొక్కి చూసి మరీ పోయేది. మిగిలినవాళ్లం ఎవరమూ మూసేవాళ్లం కాదు.

ఆ ఏడు పనస విరగకాసింది. కాండం మీద, కొమ్మల మీద, ఆఖరికి వేళ్ల దగ్గర మట్టిలోంచి కూడా కాయలు తోసుకుని వచ్చాయి. అవి మాగడం మొదలయ్యాక ఆ వాసన ఇంట్లోకి, పక్కబట్టల్లోకి, కుండలో నీళ్లలోకి కూడా వచ్చేసింది. అవ్వ చేతులకు నూనె రాసుకుని పండు కోస్తుంటే నేను ఎదురుగా కూర్చుని తొనలు వలిచేదాన్ని. గింజలు కొన్ని దాచుకుని, పొయ్యి ఆరిపోయాక బూడిదలో పూడ్చి, కాలాక తినేదాన్ని. ఒకసారి ఒక గింజ టప్పున పేలి బూడిదంతా సంకటి కుండలో పడింది. అవ్వ బూడిద తీసేసి, ఆ సంకటి నాకే పెట్టింది. పనసగింజల పులుసు, రాగిసంకటి, పనసతొనల ఒబ్బట్లు. పొద్దున లేస్తే పనస, రాత్రి పడుకుంటే పనస.

ఒకనాడు అవ్వ పండు కోస్తూ కోస్తూ ఆగి, కొండ వైపు చూసింది.

"ఈ వాసన మనకే ఇంత కమ్మగా ఉండాదే," అని ఆగిపోయింది. తర్వాత మాట చెప్పలేదు.

చెప్పకపోయినా నాకు అర్థమైంది. కొండలో ఎలుగుబంట్లు ఉన్నాయి. అవ్వ వాటి పేరు ఎత్తనిచ్చేది కాదు. ఎత్తితే పిలిచినట్టేనట. 'నల్లది' అనేది. అత్తకు చెప్పాల్సి వస్తే రెండు చేతుల వేళ్లూ కొక్కేల్లా వంచి గుండెల మీద గీరుకుని చూపించేది.

పనస మాగిన రోజుల్లోనే కొండ అవతలి ఊరి గొర్రెల కాపరిని అది కొట్టింది. అతన్ని మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకుని మా ఇంటి ముందు నుంచే రోడ్డుకు పోయారు. తలంతా పంచె చుట్టి ఉంది. ఆ చుట్టులోంచి ఒక కన్ను మాత్రం బయటికి కనబడుతోంది. ఆ కన్ను తెరిచే ఉంది గాని ఎవరినీ చూడటం లేదు. మోసేవాళ్లకు అవ్వ మంచినీళ్లు ఇచ్చింది. వాళ్లు తాగి, మంచం ఎత్తుకుని పోయారు. ఆ తర్వాత ఊళ్లో పెద్దవాళ్లు పొద్దు గూకకముందే ఇళ్లు చేరేవాళ్లు. అరుగుల మీద కూర్చున్నా మెల్లగా మాట్లాడుకునేవాళ్లు. కొండ దగ్గర చెదపుట్టలన్నీ ఎవరో పారతో తవ్వినట్టు తవ్వేసి ఉన్నాయని ఒకరు, చేలో అడుగులు చూశామని ఒకరు.

మా తోటలో కూడా ఒక పొద్దున చూశాం. గేటు బార్లా తెరిచి ఉంది. పనసపండ్లు చీల్చి, తొనలు తిని, పీచు చిందరవందర చేసి పోయింది. తడిమట్టిలో అడుగులు. మనిషి పాదం లాగే ఉన్నాయి, కాకపోతే వేళ్ల ముందు గోళ్ల గీతలు. అవ్వ వంగి చూసింది. పెద్ద అడుగు పక్కన చిన్న అడుగులు ఉన్నాయి. అవ్వ తన అరచేయి ఆ చిన్న అడుగు మీద ఆనించి పెట్టింది. అడుగు అరచేతి కింద దాగిపోయింది.

"పిల్లతల్లి," అంది. లేచి నిలబడి, "పిల్లతల్లి జోలికి యముడు గూడా పోడు," అంది.

అప్పుడు మా అమ్మ కాన్పుకు కనగానపల్లిలో పుట్టింటికి పోయి ఉంది. ఇంట్లో అవ్వ, నాయన, చిన్నత్త, నేను. ఆ రోజు సాయంత్రం నాయన అవ్వతో అన్నాడు:

"గేటు మూయమని ఎంతమందికి సెప్పేది? నీళ్లకొచ్చే ఆడోళ్లకు సేతులు ఖాళీ ఉండవు. ఈ పాపకు బుద్ధి ఉండదు. మనుసుల్ని నమ్మితే కాదు. రాయిని నమ్మాల."

మరునాడు ఆ పని మొదలుపెట్టాడు. పాత బావి గిలక ఒకటి తెచ్చి, గేటు వచ్చి ఆనే కూసం నెత్తిన బిగించాడు. గేటు పైకొసకు మోకు కట్టి, గిలక మీదుగా అవతలికి వదిలాడు. మోకు చివర బరువు వేలాడాలి. గేటు లోపలికి తోస్తే బరువు పైకి లేస్తుంది. వదిలితే బరువు కిందికి దిగుతూ గేటును లాగి మూసేస్తుంది. గేటు బయటి వైపుకు తెరుచుకోకుండా కూసానికి ఒక ఇనుప ముక్క అడ్డం వేశాడు. బయట బండ్ల బాట ఉంది, అటు తెరుచుకుంటే ఎద్దులకు తగులుతుందని.

బరువు దగ్గరే చిక్కొచ్చింది. చిన్న రాయి కడితే గేటు సగం దాకా వచ్చి నిలబడిపోయింది. నాయన గేటు కింద మట్టి చెక్కాడు. కీళ్లకు ఆముదం పోశాడు. అయినా కదల్లేదు. పెద్ద గుండు కట్టబోతే మోకు జారిపోయింది. చివరికి ఇంట్లోకి పోయి తిరగలి పైరాయి ఎత్తుకొచ్చాడు. ఊళ్లోకి పిండి మిషన్ వచ్చాక ఆ తిరగలి మూలన పడి ఉంది. నడిమధ్యన బొక్క, మోకు దూర్చి ముడి వేయడానికి దానికోసమే చేసినట్టు ఉంది.

అవ్వ గడపలోంచి చూసి పరుగున వచ్చింది.

"రేయ్, ఏం సేస్తాండావురా?"

"బరువు సరిగ్గా సరిపోతాదమ్మా."

"మా అత్త తిప్పిన రాయిరా అది. నీకు సంకటి పెట్టిన రాయి. దాన్ని తీసుకొచ్చి ఉరేస్తావా?"

"రాయికి ఉరేందమ్మా?"

"అన్నం పెట్టినదాన్ని ఏలాడదీయగూడదు. ఇంటికి మంచిది కాదు. ఇంగో రాయి సూడు."

నాయన వినలేదు. ముడి బిగించి, గేటు లోపలికి తోసి వదిలాడు. రాయి నిదానంగా కిందికి దిగింది. గేటు దానంతట అదే వచ్చి, ఎవరో చేత్తో నెట్టినట్టు కూసానికి ఆనింది. దబ్ మని చప్పుడైంది. నాయన ముఖంలో చాలా రోజుల తర్వాత నవ్వు చూశాను. అత్త చప్పట్లు కొట్టింది. అవ్వ లోపలికి వెళ్లిపోయింది.

నీళ్లకు వచ్చే ఆడవాళ్లు మొదట్లో గొణిగారు. లోపలికి పోయేటప్పుడు భుజంతో తోస్తే చాలు. నిండు కడవ నడుముకు పెట్టుకుని తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఒక చేత్తో లాగి, సందులోంచి తప్పుకోవాలి. అందులో ఒకామె నాయనతో పరిహాసంగా అంది: "ఏమప్పా, నీ తోటలోకి వచ్చేది సులువే, బయటికి పొయ్యేదే కష్టం." అందరూ నవ్వారు.

నాకు మాత్రం ఆ గేటు మంచి ఆట. వెడల్పుగా తెరిచి, కింది పలక మీద ఎక్కి నిలబడి వదిలేదాన్ని. రాయి నన్ను కూడా కలిపి లాక్కుపోయి కూసానికి కొట్టేది. అవ్వ చూసిందంటే వీపు వాచేది. "ఆ రాయి ఏలాడేది సూస్తాంటేనే నాకు పానం నిలవదు, నువ్వు ఊగుతాండావా?" అనేది.

క్రమంగా ఇల్లంతా ఆ చప్పుడుకు అలవాటు పడింది. దబ్ మంటే ఎవరో తోటలోకి పోయారు. మళ్లీ దబ్ మంటే వాళ్లు బయటికి వచ్చారు. అవ్వ పొయ్యి ముందు కూర్చునే ఎవరు ఎక్కడున్నారో చెప్పేది. వినబడనిది అత్తకొక్కదానికే. గేటు దానంతట అదే మూసుకుంటోంది కాబట్టి, చేత్తో నొక్కి చూసే అలవాటు కూడా ఆమె మానేసింది.

ఆ పొద్దున మొదటి చప్పుడు నేను పడకలోనే విన్నాను. అప్పుడే వెలుగు వస్తోంది. పంచలో అవ్వ పక్కనే పడుకుని ఉన్నాను. "పొయినాది పిల్ల," అనుకుంటూ అవ్వ లేచింది. కాసేపటికి పొయ్యి రాజేసిన పొగ వాసన, దాంతోపాటు పనస వాసన.

ఆ తర్వాత రెండో చప్పుడు.

అత్త వచ్చేసింది అనుకున్నాం. అవ్వ చెంబులో నీళ్లు ముంచి పెట్టింది, అత్త కాళ్లు కడుక్కోవడానికి. అత్త రాలేదు. నాయన దొడ్లోంచి పాలచెంబుతో వచ్చాడు.

"గేటు కాడ నువ్వేనా?" అని అడిగింది అవ్వ.

"నేను దొడ్లో ఉంటిని గదా. చెల్లి గాదా?"

"అది ఇంగా రాల్యా."

 అప్పుడు వినబడింది ఏడుపు. పసిబిడ్డ గొంతు లాగే ఉంది. కనగానపల్లి నుంచి అమ్మ బిడ్డను ఎత్తుకుని వచ్చేసిందేమో అని నాకు ఒక్క క్షణం అనిపించింది. అవ్వ నా చెయ్యి పట్టుకుంది. ముగ్గురం దొడ్డి గోడ మలుపు దాకా పోయి, తలలు మాత్రం బయటికి పెట్టి చూశాం.

గేటు ముందు, బయటి వైపున, కుక్కపిల్ల కంటే కొంచెం పెద్దది, నల్లటి పిల్ల ఒకటి ఉంది. గేటు కింద సందులో ముక్కు దూర్చి ఏడుస్తోంది. మేం చూస్తుండగానే ఆ సందులోంచి ఒక నల్లని చెయ్యి బయటికి వచ్చింది. తెల్లటి పొడుగాటి గోళ్లు. అది ఆ పిల్లను తడిమి తడిమి, మళ్లీ లోపలికి పోయింది. ఆ వెంటనే గేటు దడదడలాడింది. తిరగలి రాయి కొంచెం పైకి లేచి, మళ్లీ పడింది. లేచింది, పడింది.

తల్లి గేటు తోసుకుని లోపలికి పోయింది. పిల్ల లోపలికి వచ్చేలోగా రాయి గేటును మూసేసింది. ఇప్పుడు అది లోపలి నుంచి తోస్తోంది. ఎంత తోసినా ఆ గేటు బయటికి తెరుచుకోదు.

లోపలే అత్త ఉంది.

నాయన అరవబోయాడు. అవ్వ అతని నోటికి తన అరచెయ్యి అడ్డం పెట్టింది.

"అరిస్తే అది యాడికి పోతాది? బయటికి దావ ల్యా. ఎనక్కి తిరిగితే దానికి కనపడేది మన పిల్లే."

"గేటు తెరుస్తా."

"అది ఆడ నిలబడి తోస్తాంటే నువ్వు లోపలికి ఎట్ల తోస్తావు? ముందు అది ఆన్నించి జరగాల." అవ్వ గేటు కింద ఏడుస్తున్న ఆ నల్లపిల్లను చూసింది. "దాని బిడ్డ యాడుంటే అది ఆడికి పోతాది. నేను ఎత్తుకుని పడమటి గోడెంబడి పోతా. అది లోపల గోడెంబడి వస్తాది. అప్పుడు నువ్వు తెరువు. మోకు కోసెయ్, మల్లా మూసుకోకుండా."

"నేను ఎత్తుకుని పోతా. నువ్వు ఈడుండు."

"ఆ గేటు తోసి నిలిపే బలం నాకుండాదా? నీ పని నువ్వు సెయ్ కొడకా." నా వైపు తిరిగింది. "మేయ్, మిద్దెక్కు. అది యాడుండాదో, అత్త యాడుండాదో సేతులతో సూపించు. నోరు తెరవాకు."

మిద్దె మెట్లు ఎక్కాను. పైనుంచి తోటంతా కనబడుతోంది. గేటు దగ్గర అది వెనక కాళ్ల మీద నిలబడి ఉంది. బొచ్చంతా మట్టి. తూర్పు మళ్లలో అత్త. గేటు వైపు వీపు పెట్టి, వంగి, పూలు కోస్తోంది. ఇద్దరికీ నడుమ వక్క చెట్లే అడ్డం. ఒక్కసారి తల తిప్పితే చాలు, ఎవరు తిప్పినా చాలు. నేను గుండెల మీద వేళ్లతో గీరి, గేటు వైపు చూపించాను. జడ దగ్గర వేళ్లు ముడిచి, తూర్పుకు చూపించాను. కింద నాయన తల ఊపాడు. అతని చేతిలో కొడవలి ఉంది.

అప్పుడే అత్త నడుము నిలబెట్టింది. ఇటు తిరిగి తల ఎత్తింది. వక్క చెట్ల చాటున గేటు ఆమెకు కనబడలేదు, మిద్దె మీద నేను కనబడ్డాను.

ఏంటి అన్నట్టు చెయ్యి ఊపింది. పొద్దెక్కింది, బస్సు వస్తుంది అనుకుందేమో, వంగి బుట్ట ఎత్తి నడుముకు పెట్టుకుంది. ఇంక ఇంటికి బయలుదేరుతుంది. నేరుగా గేటు దగ్గరికి వస్తుంది.

నేను నవ్వాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ నవ్వు నాకు ఇప్పటికీ తెలియదు. ముక్కు చీదినట్టు చేసి, జడ చూపించి, వేళ్లు ముడిచి, జడ పొడుగునా కిందిదాకా తీశాను. నాకు, పూలు, జడ నిండా. అత్త తల అడ్డంగా ఊపింది. స్టీరింగు తిప్పినట్టు చేసి చూపించింది, బస్సు అని. నేను గడ్డం కింద చెయ్యి పెట్టి బతిమాలాను. ఇంకా నవ్వుతూనే ఉన్నాను. గేటు దడదడమంటోంది. అత్త నన్ను చూసి వేలు ఆడించి బెదిరించింది. తర్వాత బుట్ట దించి, మూలనున్న ఆఖరి సాలు దగ్గరికి పోయి మళ్లీ వంగింది.

కింద అవ్వ తను కప్పుకున్న కంబళి విప్పి, పిల్ల మీద కప్పి, చుట్టి, భుజాన ముడివేసుకుని ఎత్తుకుంది. అది కీచుమని అరిచింది. లోపల గేటు చప్పుడు ఆగిపోయింది. అవ్వ పడమటి గోడ వెంట నడిచింది. పరుగెత్తలేదు, ఆమె పరుగెత్తగల మనిషి కాదు. గోడకు ఇవతల అది, అవతల అవ్వ. ఆ ఏడుపు ఎటు పోతే అటు, పనస చెట్ల కింద నుంచి, గోడను రాసుకుంటూ అది కూడా పోయింది. కొండ వైపు మూల దాకా పోయాక నేను రెండు చేతులూ పైకెత్తాను.

నాయన గేటు తోసి, మోకు మీద కొడవలి వేశాడు. తిరగలి రాయి కిందనున్న బండ మీద పడింది. ఆ చప్పుడు నేను రోజూ వినే చప్పుడు కాదు. అది వెనక్కి తిరిగింది. నల్లటి మూట దొర్లినట్టు చెట్ల మధ్య నుంచి వచ్చింది. నాయన తెరిచిన గేటుకూ గోడకూ మధ్య అతుక్కుపోయి నిలబడ్డాడు. అది ఆయన ముందు నుంచే బయటికి దూకి, గోడ వెంట అవ్వ పోయిన వైపే మళ్లింది.

గోడ అవతల ఏం జరిగిందో నాకు కనబడలేదు. పిల్ల ఏడుపు కాసేపు వినబడింది. తర్వాత ఆగిపోయింది. అవ్వ గొంతు మాత్రం ఒక్కసారైనా వినబడలేదు. చాలాసేపటికి కొండవాలు మీద అది ఎక్కిపోవడం చూశాను. వీపు మీద పిల్ల ఉంది. పిల్ల గోళ్లకు చిక్కుకుని మా అవ్వ కంబళి వెనకాల ఈడ్చుకుంటూ పోతోంది.

నేను పోయేసరికి నాయన అవ్వ తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పిల్లను దించుదామంటే దాని గోళ్లు కంబళిలో దిగబడిపోయాయట. కంబళి ముడి అవ్వ భుజాన ఉంది. ఆ ముడి విప్పేలోగా తల్లి వచ్చేసింది. ఒక్కటే దెబ్బ. ఎడమ చెయ్యి, ఆ వైపు నెత్తి. రక్తం కంట్లోకి కారుతున్నా అవ్వ కళ్లు తెరిచే ఉన్నాయి.

"పిల్ల?" అంది.

"బాగుండాదమ్మా. పూలు కోస్తాంది."

"దానికి సెప్పొద్దండి." ఊపిరి తీసుకుంది. "తన కోసం ఇట్లయినానని తెలిస్తే అది బతికినన్నాళ్లూ నన్ను సూసి ఏడుస్తాది. సెప్పొద్దు."

అప్పుడే అత్త బుట్టతో తోటలోంచి వచ్చింది. గేటు బార్లా తెరిచి ఉండటం, మోకు తెగి ఉండటం చూసి, చేత్తో గేటు దగ్గరికి లాగి మూసింది. మా కోసం వెతుక్కుంటూ గోడ మలుపు తిరిగింది. బుట్టలో పూల మీద, వేరుగా, ఆకులో చుట్టిన చిన్న మూట ఉంది. అవి నాకోసం కోసినవి. అవ్వను చూసి బుట్ట కింద పడేసింది.

ఎద్దులబండిలో రోడ్డు దాకా, అక్కడి నుంచి లారీలో హిందూపురం. పెద్దాసుపత్రిలో అవ్వ ఉన్న రోజుల్లోనే కనగానపల్లిలో తమ్ముడు పుట్టాడని కబురొచ్చింది. నాయన ఆ మాట విని తల ఊపి, మళ్లీ ఆసుపత్రి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అవ్వ బతుకుతుందని డాక్టర్లు చెప్పడానికి చాలా రోజులు పట్టింది. ఇంటికి తీసుకొచ్చేటప్పటికి పనస కాపు అయిపోయింది. నాయన అప్పటికే గేటు పీకేసి, అడ్డంగా రెండు వాసాలు పెట్టించాడు. తిరగలి రాయిని ఏం చేశాడో నేను అడగలేదు. ఎలుగుబంటి మళ్లీ మా తోటకు రాలేదు. వస్తుందేమోనని మేం చాలా ఏళ్లు చెవులు రిక్కించుకునే పడుకున్నాం.

అవ్వ చెయ్యి మళ్లీ వంగలేదు. ఆమెకు తల దువ్వడం, చీర కట్టడం, సంకటి ముద్దలు నోట్లో పెట్టడం అన్నీ అత్తే చేసింది. ఏం జరిగిందో మేం ఎవరమూ చెప్పలేదు. ఊళ్లోవాళ్లకు చేతుల భాష రాదు. అందుకే అత్త తనకు తానే ఒక కథ చెప్పుకుంది. అంతకుముందు ఒకసారి చెట్ల కింద చీల్చిన పనసపండ్లు చూసింది గదా. పండ్లు పోతున్నాయని అవ్వ కర్ర పట్టుకుని ఎలుగుబంటి మీదికి పోయిందని అనుకుంది. పనస కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటారా అని చేతులు తిప్పి తిప్పి తిట్టేది. ప్రతి ఏడూ పనస మాగే కాలంలో ఆ తిట్లు కొత్తగా మొదలయ్యేవి. అవ్వ బుద్ధిగా వినేది. తప్పయిపోయింది అన్నట్టు బాగున్న చేత్తో చెంప వేసుకునేది. నాయన లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

అవ్వ పోయింది. ఆ తర్వాత నాయన పోయాడు. తోట చేతులు మారి, ఇప్పుడు అక్కడ వక్క కూడా లేదు. చివరి ఏళ్లు అత్త హిందూపురంలో నా దగ్గరే ఉండేది. నా మనవళ్లు ఆమె చుట్టూ కూర్చుని కథ చెప్పమని సైగలు చేసేవాళ్లు. ఆమె ఎప్పుడూ చెప్పే కథ అదే. రెండు చేతుల వేళ్లూ వంచి గుండెల మీద గీరుకునేది. చెవి కమ్మ పట్టుకునేది. పనసపండు మీద ఆశతో ఎలుగుబంటి మీదికి పోయిన ముసలామెను కళ్లకు కట్టినట్టు చూపించేది. పిల్లలు పడిపడి నవ్వేవాళ్లు. అత్త కూడా నవ్వేది. నవ్వుతూనే, పండు మీద ఆశ ఉన్నా మా అమ్మకు ఎంత ధైర్యమో చూడండి అన్నట్టు పిడికిలి గుండెకు ఆనించుకునేది.

పిల్లలకు ఆమె భాష పూర్తిగా రాదు. పక్కన కూర్చుని నేనే మాటల్లో చెప్పేదాన్ని. ఆమె చేతులు ఎట్లా చెబితే అట్లాగే చెప్పేదాన్ని.